ఆట ముందు ఆఫీసరు ఆడాలి



ఇవాళ్టి ప్రసంగం ఒక ఆటతో మొదలుపెడతాను. పది మంది గుండ్రంగా నిలబడతారు. కళ్ళు మూసుకుంటారు. అందరూ కలిసి ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఒక్కో అంకె ఒక్కరే చెప్పాలి. వరసంటూ ఏమీ లేదు. సైగ చెయ్యకూడదు, పక్కవాణ్ణి గిల్లకూడదు. ఇద్దరి నోట ఒకేసారి అంకె వచ్చిందా, మళ్ళీ ఒకటి దగ్గరికి రావాల్సిందే.

వినడానికి పిల్లకాయల ఆటలా ఉంది కదా. ఆడి చూడండి, ఆరో ఏడో దాటడం కష్టం. ప్రతి గుంపులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఎక్కడైనా నిశ్శబ్దం దొరికితే దాన్ని తామే నింపాలని వాళ్ళ ప్రాణం కొట్టుకుంటుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఆట ముగిసేదాకా ఒక్క అంకె కూడా పలకరు. నాలుగైదు సార్లు చెడిపోయాక పెద్ద గొంతువాళ్ళు కాస్త ఆగుతారు. పక్కవాడు ఊపిరి తీసుకునే చప్పుడు అప్పుడు చెవిన పడుతుంది. ఇప్పుడు వాడు చెప్పబోతున్నాడని తెలిసిపోతుంది. ఆ తర్వాత లెక్క పద్నాలుగు, పదిహేను దాటి నడుస్తుంది.

నాటకాల శిక్షణలో ఈ ఆట ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు కంపెనీలు తమ ఉద్యోగుల చేత ఆడిస్తున్నాయి. కలిసి పనిచేసేవాళ్ళలో సహానుభూతి పెరగాలని, అంటే పక్కవాడి కష్టాన్ని పక్కవాడి వైపు నుంచి చూడడం అలవాటు కావాలని, ఒక పక్క మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో ఎరుక సాధన, ఇంకో పక్క ఇలాంటి ఆటలు. వీటివల్ల నిజంగా మేలుందా, లేక టీ బిస్కెట్ల మధ్య కాలక్షేపమా? నాకున్న అభిప్రాయం కర్ణాటకలోని మా కోలారు జిల్లాలో జరిగిన సంగతులు ముందు పెట్టుకునే చెబుతాను.

మా ఊరు క్యాసంబళ్ళి. కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల తాలూకాలో ఒక హోబళి కేంద్రం, కొన్ని పల్లెలకు పెద్ద ఊరు. ఆంధ్ర సరిహద్దు దగ్గరే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బంగారు గనుల టౌనుకు పోతే తమిళం. ఆ గనుల్లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అడుగుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఈ నూట ఇరవై ఏళ్ళలో చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో రాయి వేడి మనిషి ఓర్చుకునేది కాదు. పైనున్న బరువుకు రాయి ఉన్నట్టుండి పగిలి ఎగిరేది. మొదట్లో వాటిని ఎయిర్ బ్లాస్టులు అనేవారు. గనుల్లో రాళ్ళ తీరు చదవడానికి 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ అనే సంస్థనే కేజీఎఫ్‌లో పెట్టారంటే ఆ ప్రమాదం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అలాంటి చోట పక్కవాడి మీద ధ్యాస ఉంచమని ఎవరూ శిక్షణ ఇవ్వనక్కర్లేదు. మనుషులను కిందికి దించే కేజ్ సంగతే తీసుకోండి. దాన్ని నడిపే ఇంజను డ్రైవరు పైన కూర్చుంటాడు. కేజ్‌లో ఉన్నవాళ్ళు అతనికి కనబడరు. ఎన్ని గంటలు మోగాయి, ఎదురుగా ఉన్న డయలు మీద ముల్లు ఎక్కడుంది, ఇంతే ఆధారం. ఏమరుపాటు వస్తే కింద ప్రాణాలు పోతాయి. కింద ఉన్నవాళ్ళదీ అదే తీరు. తమిళం మాట్లాడేవాడు, తెలుగు మాట్లాడేవాడు ఒకే సొరంగంలో ఒకరి చెవిని ఒకరు నమ్ముకుని బతికారు.

దీన్ని గొప్పగా చెప్పుకుని ఆగిపోతే అబద్ధం చెప్పినట్టే. కింద ప్రాణభయం నేర్పిన ఆ ధ్యాస పైకి రాగానే ఒక గీత దగ్గర ఆగిపోయేది. గీతకు అటు దొరల బంగళాలు, క్లబ్బు. ఇటు కూలి లైన్లలో వెదురు తడికల గుడిసెలు. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. వేలిముద్ర అంటే పోలీసు స్టేషను గుర్తొచ్చే రోజులవి. గనులు సమ్మెతో స్తంభించాయి. వేలిముద్ర అడిగితే మనిషికి ఎలా ఉంటుందో ఆ నిర్ణయం చేసిన గదిలో ఒక్కరికైనా తోచి ఉంటే కథ ఇంకోలా నడిచేది. ఆ గదిలో వేలిముద్ర వేయాల్సినవాడు ఎవడూ లేడు. నా మాటంతా ఈ గీత గురించే. సాటివాళ్ళ మధ్య సహానుభూతి అంత కష్టం కాదు. జీతం ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉన్న గీత దాటడమే కష్టం.

ఆ గీత దాటడానికి ఆటను వాడిన మనవాడు ఒకరున్నారు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి, వాళ్ళ పెద్దల ఊరు అనంతపురం జిల్లా బుక్కాపురం. 2014 ఫిబ్రవరిలో ఆయన మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యేనాటికి ఆ కంపెనీలో విభాగాల మధ్య కుమ్ములాటలు జగమెరిగినవి. 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' అనే తన పుస్తకం మొదట్లోనే ఆయన ఒక మీటింగు కథ చెప్పారు. కంపెనీలో అందరికన్నా పై స్థాయి వాళ్ళను మామూలు బోర్డు రూములో కాకుండా సోఫాలున్న వేరే గదిలో కూర్చోబెట్టారు. ఫోన్లు పక్కన పెట్టించారు. సియాటిల్ సీహాక్స్ ఫుట్‌బాల్ జట్టుకు ఎరుక సాధన నేర్పే మైకేల్ జర్వే అనే మనస్తత్వవేత్తను పిలిపించారు.

జర్వే అడిగిన మొదటి మాట, మీలో ఎవరికైనా ఒక అసాధారణ అనుభవం కావాలా అని. అందరూ కావాలన్నారు. అయితే ఒకరు లేచి నిలబడండి అన్నాడు. ఎవరూ లేవలేదు. గది కాసేపు మూగబోయింది. ఆఖరికి కంపెనీ డబ్బు లెక్కలు చూసే ఏమీ హుడ్ లేచారు. ఆమెను ఇంగ్లీషు అక్షరాలను అంకెలతో కలిపి చెప్పమన్నాడు. ఏ ఒకటి, బీ రెండు, సీ మూడు, అలా. ఇంతకీ అక్షరాలు అసలు సంగతే కాదు. మిగతావాళ్ళు ఎందుకు లేవలేదన్నదే జర్వేకు కావలసింది. వేల కోట్ల డాలర్ల నిర్ణయాలు తీసుకునే మనుషులు నలుగురి ముందు తేలిపోతామేమోనని భయపడ్డారు. ఆ భయం బయటపడ్డాకే ఆ గదిలో వాళ్ళు తమ ఇళ్ళ గురించి, నమ్మకాల గురించి మాట్లాడుకున్నారని నాదెళ్ళ రాశారు.

ఆయనకు ఈ దారి పుట్టుకతో రాలేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసిన రిచర్డ్ టేట్, రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగాడట. అత్యవసర నంబరుకు ఫోను చేస్తానని ఈయన జవాబు. బిడ్డ ఏడిస్తే ముందు ఎత్తుకోవాలయ్యా, నీకు సహానుభూతి తక్కువ అని టేట్ మందలించాడు. ఆ టేట్ తర్వాత ఉద్యోగం వదిలి క్రేనియమ్ అనే ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆట తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. నాదెళ్ళకు అసలు గురువు మాత్రం 1996లో మెదడు పక్షవాతంతో పుట్టిన కొడుకు జైన్. జరిగినది తనకు కాదు, బిడ్డకు అని అర్థం కావడానికి తనకు ఏళ్ళు పట్టిందని ఆయనే చెప్పుకున్నారు.

ఇంత సాధన చేసిన మనిషే 2014 అక్టోబరులో ఒక మహిళల సభలో జీతం పెంచమని ఆడవాళ్ళు అడగనక్కర్లేదు, వ్యవస్థను నమ్ముకుంటే అదే వస్తుందన్న అర్థంలో మాట్లాడారు. దుమారం రేగింది. అదే రోజు ఉద్యోగులకు ఉత్తరం రాసి తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. 2023 జనవరిలో అదే మైక్రోసాఫ్ట్ 10,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. సహానుభూతి ఉన్న కంపెనీలో ఉద్యోగాలు పోవని అనుకునేవాళ్ళు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. కోలారు దగ్గర నరసాపుర పారిశ్రామిక వాడలో విస్ట్రాన్ అనే తైవాన్ కంపెనీ ఐఫోన్లు తయారుచేసేది. 2020 డిసెంబరు 12 తెల్లవారి షిఫ్టు మారే వేళ కార్మికులు తిరగబడ్డారు. అద్దాలు పగిలాయి, వాహనాలు తలకిందులయ్యాయి. తర్వాత కర్ణాటక ఫ్యాక్టరీల శాఖ తనిఖీలో తేలినవి చూడండి. కొద్ది కాలంలోనే మనుషుల సంఖ్య 5,000 నుంచి 10,500కు పెరిగింది. వాళ్ళ మంచిచెడ్డలు చూసే విభాగం ఆ మేరకు పెరగలేదు. షిఫ్టు ఎనిమిది గంటల నుంచి పన్నెండుకు పోయింది. హాజరు యంత్రం లెక్కలు తప్పింది. చేసిన పనికి రావాల్సిన జీతం చేతికి రాలేదు. కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని కంపెనీ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, ఇండియా వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ణి తప్పించింది. ఆపిల్ కంపెనీ కొత్త ఆర్డర్లు ఆపింది. 2023లో ఆ ఫ్యాక్టరీని టాటాలు కొన్నారు.

1930లో వేలిముద్ర, 2020లో హాజరు యంత్రం. తొంభై ఏళ్ళ తేడా, ఒకే జిల్లా. రెండింటిలోనూ మనిషిని లెక్కపెట్టారు గానీ మనిషి చెప్పింది వినలేదు. పగలగొట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ జీతం స్లిప్పు చేతిలో పట్టుకున్న కుర్రాడికి ఊపిరి మీద ధ్యాస పెట్టమని చెప్పడం ఎగతాళి అవుతుంది. స్లిప్పులో తప్పు ఉంటే ముందు స్లిప్పు దిద్దాలి. ఎరుక సాధన కావాల్సింది ఆ కుర్రాడికి కాదు, జీతం తగ్గిందన్న ఫిర్యాదు బల్ల మీదికి వచ్చినా కన్నెత్తి చూడని పై అధికారికి.

అలాగని ఈ సాధనలను కొట్టిపారేయలేను. బాస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఒక పరీక్ష 2013లో అచ్చయింది. కొందరికి ఎనిమిది వారాలు ధ్యానం నేర్పారు, కొందరికి నేర్పలేదు. తర్వాత ఒక్కొక్కరినే పిలిచి మూడు కుర్చీలున్న గదిలో కూర్చోమన్నారు. రెండు కుర్చీల్లో ముందే పరిశోధకుల మనుషులున్నారు. మూడోది వీరికి. అంతలో చంకకర్రలతో నొప్పితో ఒకమ్మాయి వచ్చి గోడకు ఆనుకుంది. కూర్చున్న ఇద్దరూ చూడనట్టే ఉన్నారు. ధ్యానం నేర్వనివాళ్ళలో నూటికి 16 మంది లేచి కుర్చీ ఇచ్చారు. నేర్చినవాళ్ళలో నూటికి 50 మంది. పరీక్షలో పాల్గొన్నవాళ్ళు 39 మందే, కాబట్టి దీన్ని వేదంగా పట్టుకోనక్కర్లేదు. అయినా మారికుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో పోయి వచ్చే మా కేజీఎఫ్ జనానికి ఆ గది ఎలాంటిదో వివరించనక్కర్లేదు. పక్కవాళ్ళు చూడనట్టు కూర్చుంటే మనమూ కిటికీలోంచి చూస్తాం. ధ్యానం ఆ ఇద్దరి ప్రభావం నుంచి మనిషిని విడిపించిందన్నమాట.

ధ్యానమంటే గుహ, కాషాయం అనుకోనక్కర్లేదు. జిల్లా దాటితే వచ్చే మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి ఉంది. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే బడి. అక్కడ సాయంత్రం పిల్లలు ఒకచోట కూర్చుని మాటలు లేకుండా పొద్దుగుంకడం చూస్తారు. దాన్ని అస్తాచల్ అంటారు. మంత్రం లేదు, మార్కులు లేవు. వైద్యంలో మైండ్‌ఫుల్‌నెస్‌కు స్థానం తెచ్చిన జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన శిక్షణ కూడా మూలంలో ఇంతే. ఇప్పుడు జరుగుతున్నదాన్ని తీర్పు చెప్పకుండా గమనించడం.

ఆటల సంగతికొస్తే నాకు చాలా ఇష్టమైన పేరు వయోలా స్పోలిన్. షికాగోలో 1906లో పుట్టిన ఈమె, అక్కడి హల్ హౌస్ అనే సేవా కేంద్రంలో నీవా బోయిడ్ దగ్గర ఆటల విద్య నేర్చుకుంది. తర్వాత వలస కుటుంబాల పిల్లలతో నాటకాలు వేయించాల్సి వచ్చింది. ఒక్కో ఇంట ఒక్కో భాష. ఉపన్యాసంతో లాభం లేదని ఆటలు కల్పించింది. 1963లో వాటిని పుస్తకంగా వేసింది. అందులో అద్దం ఆట ఒకటి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు మెల్లగా చెయ్యి కదిపితే ఇంకొకరు అద్దంలో బొమ్మలా కదపాలి. తర్వాత మారాలి. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకుండా కదలాలి. ఫోర్‌మన్, హెల్పర్ దీన్ని ఆడితే మొదట ఫోర్‌మన్ వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. లేకపోతే అద్దం పగిలిపోతుంది.

ఇంకోటి అర్థం లేని భాషలో మాట్లాడే ఆట. నోటికొచ్చిన శబ్దాలతో ఒకరు ఏదో చెబుతారు, పక్కవారు దాన్ని 'అనువాదం' చేస్తారు. మా పక్క దీనికి వేరే విలువ ఉంది. నాలుగు భాషల చోట ఎవరో ఒకరి భాష ఎప్పుడూ నవ్వులపాలవుతుంది. తెలుగువాడి కన్నడం, తమిళుడి తెలుగు, ఉర్దూ ఇంటివాడి తమిళం. అర్థం లేని భాషలో అందరూ సమానం. పలుకు చూసి నవ్వేవాడికి అక్కడ పని దొరకదు, ముఖం చూడక తప్పదు.

అంతదూరం ఎందుకు, మన ఊళ్ళలో కోలాటం లేదా? చూపు పక్కకు పోతే కోల ఎదుటివాడి వేలికి తగులుతుంది. గుండ్రంలో కులపెద్ద కొడుకైనా, జీతగాడి కొడుకైనా ఒకే తాళం. ఎవరి గుండ్రంలోకి ఎవరిని రానిచ్చారన్నది వేరే ప్రశ్న. మన ఊళ్ళు ఇప్పటికీ దానికి నిజాయితీగా జవాబు చెప్పలేదు.

వినే ఆట గురించి కూడా చెప్పాలి. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి. రెండోవారు ఊ కొట్టాలి, అంతే. సలహా ఇవ్వకూడదు, నాకూ అలాగే అయింది అనకూడదు. తర్వాత విన్నది తిరిగి చెప్పాలి. చెప్పినవారు 'ఔను, నేనన్నది ఇదే' అనేదాకా చెప్పాలి. ఒక ప్రభుత్వ బడిలో మేము దీన్ని ఆడించినప్పుడు ప్రధానోపాధ్యాయుడికి జతగా మధ్యాహ్నం వంట చేసే ఆమె వచ్చింది. ఆమె రెండు మాటలు అనగానే ఆయన "గ్యాసు గురించి పైకి రాశాను కదమ్మా" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. సమస్య వినబడగానే జవాబు చెప్పడమే ఏళ్ళ తరబడి ఆయన ఉద్యోగం. మళ్ళీ మొదటి నుంచి చెప్పించాం. ఆమె బాధ గ్యాసు కాదు. "పిల్లకాయల లెక్క పదకొండుకు వస్తాది సార్. అప్పటికి బియ్యం వేసేసి ఉంటాను. అన్నం చాలకపోతే అందరూ నన్నే అంటారు." మర్నాటి నుంచి లెక్క చీటీ హాజరు పిలవగానే వంటింటికి పోయింది. నా దృష్టిలో ఆట పనిచేసినట్టు గుర్తు ఆ చీటీయే. కన్నీళ్ళు, కౌగిలింతలు, గ్రూపు ఫోటోలు కావు.

ఇలా అందరి మాటా వినడం వల్ల ఏం ఒరుగుతుందంటారా? గుంపు తెలివి గురించి ఒక పరిశోధన ఉంది. అనితా వూలీ, ఆమె తోటివాళ్ళు 699 మందిని చిన్న చిన్న గుంపులుగా చేసి రకరకాల పనులు ఇచ్చారు. 2010లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. గుంపులో ఒక మేధావి ఉండటంతో పెద్దగా ఒరిగింది లేదు. ఎదుటివాళ్ళ ముఖంలో మనసు చదవగలిగినవాళ్ళున్న గుంపులు, మాట అందరికీ కాస్త సమానంగా దక్కిన గుంపులు మెరుగ్గా చేశాయి. మా పాల సంఘం మీటింగుల్లో మాట ఎవరికి ఎంతసేపు దక్కుతుందో ఎవరైనా గడియారం పెట్టి చూస్తే బాగుంటుంది. పొద్దున్నే క్యాను మోసుకొచ్చేది ఆడవాళ్ళు, మీటింగులో మైకు మాత్రం వాళ్ళ దాకా రాదు.

ఆడించేవాళ్ళకు కొన్ని హెచ్చరికలు. తాకే ఆటలు, కళ్ళకు గంతలు కట్టి వెనక్కి పడే ఆటలు మన దగ్గర వద్దు, ఆడవాళ్ళకు ఇబ్బంది. ఇష్టం లేనివారిని పక్కన కూర్చోనివ్వండి, కారణం అడగకండి. సొంత బాధలు చెప్పమని ఎవరినీ నిలదీయకండి. రేపు వాళ్ళు అదే మేనేజరు కింద పనిచేయాలి. కళ్ళు మూసుకుంటే పాత భయాలు తిరగదోడేవాళ్ళూ ఉంటారు, వాళ్ళను కళ్ళు తెరుచుకునే ఉండనివ్వండి. ముఖ్యంగా ఆదివారం పెట్టకండి. పని గంటల్లో, కూలి కోత లేకుండా పెట్టండి. సెలవు రోజు లాక్కుని సహానుభూతి నేర్పేవాళ్ళ మాట ఎవరు నమ్ముతారు?

ఇక ఆట ముందు ఆఫీసరే ఆడాలి. తప్పు అంకె చెప్పి నవ్వులపాలయ్యే మొదటి మనిషి జీతం ఎక్కువున్న మనిషే కావాలి. కిందివాళ్ళను ఆడించి తను కాఫీ తాగుతూ చూసే అధికారి ఆ ఆట పెట్టకపోవడమే మేలు.

పాల సంఘం అధ్యక్షులకు, స్త్రీశక్తి సంఘాల పెద్దలకు, ఫ్యాక్టరీ షిఫ్టు సూపర్‌వైజర్లకు, బడి పంతుళ్ళకు నా మనవి ఒక్కటే. ఈ నెల మీటింగులో మీరు ఆఖరున మాట్లాడండి. ఇన్నాళ్ళుగా నోరు విప్పనివారికి మొదటి మూడు నిమిషాలు ఇవ్వండి, మధ్యలో అడ్డు తగలకండి. వాళ్ళు చెప్పినవాటిలో ఒక్కటైనా వచ్చే మీటింగు లోపల సరిచేసి చూపించండి.